ఉచ్చీరమ్మ మూడో ముక్క

ఎర్రదిన్నె ఊరు పొద్దున్నే రొట్టెలు తట్టే చప్పుడుకు లేస్తాది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దోవలో బస్సు దిగి, పత్తిచేన్ల మధ్య లోపలికి నడిస్తే ముందు నీళ్ల ట్యాంకు కనపడతాది, దాని పక్కనే పాత పంచాయితీ రూము. ఆ రూములో పొదుపు సంఘం ఆడోళ్లు కటిక రొట్టెలు చేస్తారు. జొన్నపిండిని వేన్నీళ్లతో పిసికి, అరచేత్తో పలుచగా తట్టి, పెనం మీద కాల్చి ఆరబెడితే పెళపెళమంటాయి. నెల తర్వాత తిన్నా రుచి పోదు. శెనక్కాయల పొడీ, గడ్డ పెరుగూ ఉంటే ఇంక కూర పేరు ఎవరూ ఎత్తరు.

ఆ చప్పుడు మధ్యలోనే ఉచ్చీరమ్మ గొంతు వినపడుతుండేది. "పిండిలో నీళ్లు ఎక్కువైనాయి మే" అని. తిరిగి చూస్తే ఉచ్చీరమ్మ మూలన కూర్చొని, నోరు మూసుకొని, తన మానాన తను రొట్టె తడుతుండేది. ఆ మాట నిన్నటిది.

ఉచ్చీరమ్మ మాట అన్న వెంటనే రాదు. ఈరోజు అన్నది రేపు వస్తాది, యాడ నిలబడి అనిందో ఆడనే వినపడతాది. చిన్నప్పటి నుంచీ అంతే. కొందరికి నత్తి ఉంటాది, కొందరికి చెముడు ఉంటాది, ఈమెకు మాట ఆలస్యం. అంతకు మించి ఊర్లో ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. తొందర పనులకు చేత్తో సైగ చేసేది. కూరగాయల ఆదెప్ప అయితే ఆమె వాకిట్లో గంప దించి, నిన్న ఆమె ఆడిన బేరం ఈరోజు విని, "సరేలేవ్వా, నీ మాటే కానీ" అని టమాటాలు ఇంకో రెండు వేసిపోయేవాడు.

తంటా అంతా పక్కింటి మారెమ్మతోనే. మారెమ్మ గోడవతల నుంచి నాలుగు మాటలు అనేసి పోతే, ఉచ్చీరమ్మ ఈ పక్క నిలబడి ఆవేశంగా నోరు కదిలించేది. మరునాడు ఇద్దరూ రాజీపడి, అదే గోడకు ఆనుకొని ఆకువక్క నములుతుంటే, నెత్తి మీద నుంచి "నీ నోట్లో మన్ను పడా" అని వచ్చేది. ఉచ్చీరమ్మ నాలుక కరుచుకొని, నిన్నటిదిలే అని చెయ్యి ఊపేది. "నిన్నటిదైతే మాత్రం అంత మాటంటావా?" అని మారెమ్మ మళ్లీ మొదలుపెట్టేది.

చిన్న మాటలు మరునాటికి వచ్చేస్తాయి. బరువైనవాటికి ఇంకా టైము పడతాది. కొడుకు విజయ్ పుట్టినప్పుడు వాణ్ని ఎత్తుకొని "నా బంగారుకొండ" అన్న మాట, వాడు వసారాలో పాకేటప్పుడు వచ్చింది. వాడు పాకడం ఆపేసి పైకి చూసినాడంట.

ఒక మాట మాత్రం రానే లేదు. విజయ్ సంకలో ఉన్నప్పుడు ఉచ్చీరమ్మ మొగుడు సుగ్గికి పోయినాడు. సుగ్గి అంటే తెలుసు గదా, ఈడ వానల్లేక పనుల్లేక, చలికాలం రాగానే గుంటూరు పక్క మిరపచేన్లకు పోవడం. ట్యాంకు కాడ లారీ నిలబడింటే అందరితోపాటు ఎక్కినాడు. ఉచ్చీరమ్మ లారీ వెంట నాలుగడుగులు వేసి, నోరు పెద్దగా తెరిచి ఏందో అనింది. చూసినోళ్లందరూ చూసినారు. లారీ పోయింది. మరునాడు ఆ మాట రాలేదు. నెలకూ రాలేదు. ఆయనకు ఆడ ఏదో జ్వరం తగిలి, మనిషే తిరిగి రాలేదు. ఆ మాట కోసం ఉచ్చీరమ్మ కొన్నేండ్లు బిందె పట్టుకొని ట్యాంకు కిందే నిలబడేది. ఊరు మర్చిపోయింది. ఆమె మర్చిపోయిందో లేదో ఎవరూ అడగలేదు. ఏ ఆఫీసులోనైనా "మొగుని పేరేందమ్మా" అని అడిగితే మాత్రం పైకప్పు చూసేది. పక్కనున్న రంగమ్మ "అయ్యన్న, రాసుకో సారూ" అని అందుకునేది. మన పక్క ఆడోళ్లు మొగుని పేరు నోటితో అనరు, అది మామూలే.

సంఘానికి లీడరు ఆ రంగమ్మే. రాతకోతలన్నీ ఉచ్చీరమ్మ కోడలు పుష్పవి. ఇంటర్ చదివింది పుష్ప. మొన్న ఎండాకాలంలో ఎమ్మిగనూరులో ఒక ఆఫీసు మూసేస్తూ పాత కంప్యూటరు సంఘానికి ఇస్తే, దాంట్లో మెయిల్ పెట్టడానికి ఆదోని నుంచి కంప్యూటర్ల అంగడి కళ్యాణ్ వచ్చినాడు. బెంగళూరులో క్యాంటీన్లు నడిపే కంపెనీ ఒకటి రొట్టెలు రుచి చూసి, "మీకు మెయిల్ ఐడీ ఉందా" అని అడిగిందంట. అదీ సంగతి.

"ఈ ప్రోగ్రాంలో పెట్టుకుంటే నెట్టు లేకున్నా రాసి పెట్టుకోవచ్చక్కా" అన్నాడు కళ్యాణ్. "రాసింది అవుట్‌బాక్సులో ఆగింటాది. సిగ్నల్ వచ్చినప్పుడు అదే పోతాది."

"ఓహో, మన ఉచ్చీరమ్మ మాదిరే అన్నమాట" అనింది రంగమ్మ.

"అంతే అక్కా" అని కళ్యాణ్ తన పని తను చూసుకున్నాడు. మొదట ప్రోగ్రాం పేరడిగింది. ఎవరి పేరు కొట్టల్ల అని రూములో పెద్ద రచ్చ. లీడరు పేరే అని కొందరు, కంప్యూటరు నడిపేది పుష్ప గదా అని కొందరు, పొద్దున్నే వచ్చి పొయ్యి రాజేసేది నేను అని నాగవేణి. చివరికి కళ్యాణ్ దండం పెట్టి అందరి పేర్లూ కొట్టినాడు. రంగమ్మ పుష్ప నాగవేణి మారెమ్మ హేమ ఉచ్చీరమ్మ అని పొడుగ్గా వచ్చింది. ప్రోగ్రాం ఏమీ అనకుండా తీసుకుంది.

తర్వాత పాస్‌వర్డు. "ఇది తాళంచెవి లాంటిదక్కా, ఒకరు పెట్టుకోండి."

"ఒకరా?" రంగమ్మ మూలనున్న రేకుపెట్టె చూపించింది. "ఆ పెట్టెకెన్ని తాళాలుండాయో చూసినావా? మూడు. చెవులు ముగ్గురి కాడ ఉంటాయి. ముగ్గురూ వస్తేనే తెరుస్తాము. సంఘం పెట్టిన కాడి నుంచి ఒక్కమాట పడలేదు మా మీద."

"అక్కా, పాస్‌వర్డు ఒకటే ఉంటాది."

"పెట్టె కూడా ఒకటేనప్పా."

కళ్యాణ్ తల గోక్కున్నాడు. ఇట్లాంటిది ఆయన ఆదోనిలో యాడా చూడలేదు. సరే, ముగ్గురూ తలా ఒక ముక్క కొట్టండి, మూడు ముక్కలు కలిపి ఒకటే పాస్‌వర్డు, అన్నాడు. రంగమ్మ మొదటి ముక్క, పుష్ప రెండో ముక్క. మూడోది ఉచ్చీరమ్మకు ఇయ్యల్లని అందరూ ఒక్కమాట మీద నిలబడినారు. ఆమె నోరు జారినా ఊరికి తెలిసేది మరునాడు, అంతలోపల మార్చుకోవచ్చు. ఇంతకన్నా గట్టి మనిషి యాడ దొరుకుతాది?

ఉచ్చీరమ్మకు అచ్చరాలు రావు. అందుకే రొట్టెల పళ్లెంలో జొన్నపిండి పరిచి, పుష్ప వేలితో ఇంగ్లీషు అచ్చరాలన్నీ రాసి చూపించింది. అత్త వేలు పట్టుకొని దిద్దించింది. రెండు మూడు దినాలు ఆ పిండితోనే బడి నడిచింది. "అత్తా, నీ నోటి నుంచి వస్తాదని ఈ ఊర్లో ఎవరూ అనుకోని మాట పెట్టుకో" అనింది పుష్ప. ఉచ్చీరమ్మ కాసేపు ఆలోచించి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని, చిన్నపిల్ల మాదిరి నవ్వింది. అంత నవ్వు అత్త మొహంలో పుష్ప ఎప్పుడూ చూడలేదు.

కొట్టే రోజు అందరూ గోడ పక్కకు తిరిగి నిలబడినారు, కళ్యాణ్‌తో సహా. రంగమ్మ కొట్టింది, పుష్ప కొట్టింది. ఉచ్చీరమ్మ ఒక్క వేలితో, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క అచ్చరం ఎతుక్కొని కొట్టింది. అయినంక కీబోర్డును కొంగుతో శుభ్రంగా తుడిచింది, మెతుకులు అంటుకున్నట్టు.

"మెయిలుకు రెండు వాకిళ్లుంటాయక్కా" అని చెప్పినాడు కళ్యాణ్. "వచ్చే మెయిళ్లకు ఒక సర్వరు, పోయే మెయిళ్లకు ఇంకొకటి. ముందు వచ్చేది తెరుస్తా." ఆయన ఇట్ల నొక్కినాడో లేదో, టింగుమని మొదటి మెయిలు వచ్చి పడింది. అందరూ చప్పట్లు కొట్టినారు. చప్పట్లు అయిపోకముందే కరెంటు పోయింది.

కళ్యాణ్ సంచి సర్దుకున్నాడు. ఆదోని బస్సు ఒకటే ఉంది. "పోయే సర్వరు పేరు పెట్టేసినా, పోర్టు నంబరు కూడా పెట్టేసినా. పాస్‌వర్డు ఒకటే మిగిలింది. కరెంటు వచ్చినంక ముగ్గురూ కూర్చొని ఇంకొక్కసారి కొట్టండి, మరిసిపోవద్దు" అని పరిగెత్తినాడు.

కరెంటు రాత్రికి వచ్చింది. మరునాటి నుంచి మెయిళ్లు వస్తానే ఉన్నాయి. జవాబు ఏమన్నా ఉంటే పుష్ప ఫోన్లోనే చెప్పేసేది. పోయే వాకిలి సంగతి అందరూ మరిసినారు. మన పనులు ఎట్లుంటాయంటే, అవసరం పడిన దాకా ఎవరూ తలుపు తట్టి చూడరు.

దసరా పోయినంక, దేవరగట్టు కర్రల సమరానికి పోయిన మొగోళ్లు తలలకు కట్లు కట్టుకొని ఇండ్లకు చేరిన వారంలో, ఉచ్చీరమ్మ మధ్యాన్నం అన్నం తిని, చెయ్యి తలకింద పెట్టుకొని వసారాలో పండుకొని, మళ్లీ లేయలేదు. ఎవరికీ కష్టం ఇయ్యకుండా పోయింది. మరునాడు శవాన్ని ఎత్తేటప్పుడు పొయ్యి దగ్గర నుంచి "విజయ్‌కు చారు ఉంచినావా మే" అని ఆమె గొంతు వచ్చింది. "ఉంచినానత్తా, ఉంచినాను" అని పుష్ప పొయ్యి ముందర కూలబడి ఏడ్చింది. ఆ తర్వాత ఇంకొన్ని వచ్చినాయి. మేకపిల్లను అమ్మొద్దని ఒకటి, మనవరాలు అశ్వినికి తల దువ్వుతూ అన్న ముద్దుమాట ఒకటి. తర్వాత ఏమీ రాలేదు. ఇంక అయిపోయినాయి అనుకున్నారు.

చలి మొదలైంది. సుగ్గి మేస్త్రి కాశప్ప టెంపో తీసుకొని వస్తానని కబురు పెట్టినాడు. ఏటా విజయ్, పుష్ప ఇద్దరూ పోయేవాళ్లు. అశ్విని మాత్రం అవ్వ దగ్గర ఉండి బడికి పోయేది. ఇప్పుడు అవ్వ లేదు. పిల్లను ఎవరి దగ్గర వదలల్ల? వెంట తీసుకొని పోతే మిరపచేన్ల ఘాటులో కండ్లు నులుముకుంటా కూర్చుంటాది, తిరిగొచ్చేసరికి పరీక్షలు కూడా అయిపోతాయి. అట్ల పోయి బడి మానేసిన పిల్లోళ్లు ఊర్లో వీధికి ఇద్దరుండారు. పుష్పకు ఆ ఆలోచనతో అన్నం సయించడం లేదు.

"ఆ బెంగళూరోళ్లు ఒప్పుకుంటే ఉందాము" అన్నాడు విజయ్. "ఏడాది పొడుగునా రొట్టెల పని ఉంటే నేను జొన్నలు తోలుకొస్తా, పిండి పట్టిస్తా. నాకేమన్నా సుగ్గి అంటే సంబరమా? లేకుంటే మాత్రం పోవల్ల పుష్పా."

టెంపో వచ్చే రోజు పొద్దున్నే నెట్టు వచ్చింది, దాంతోపాటే బెంగళూరు మెయిలు దిగింది. రొట్టెలు బాగున్నాయి, ఏడాది మొత్తం తీసుకుంటాము, ఒప్పుకున్నట్టు ఈ ఐడీ నుంచే ఈరోజు సాయంత్రం అయిదు లోపల జవాబియ్యండి, లేకుంటే వేరేవాళ్లకు ఇస్తాము, అని దాని సారాంశం. మెయిలు ముందురోజే బయలుదేరిందంట. మన ఊరి నెట్టు మన ఊరి బస్సు లాంటిదే.

పుష్ప వెంటనే జవాబు రాసింది. ఒప్పుకుంటాము అని రాసి, సెండ్ నొక్కింది. మెయిలు అవుట్‌బాక్సులో కూర్చుంది. చిన్న కిటికీ ఒకటి తెరుచుకొని పాస్‌వర్డు అడిగింది.

రంగమ్మ తన ముక్క కొట్టింది. పుష్ప తన ముక్క కొట్టింది. తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడో ముక్క మట్టిలో కలిసిపోయి నెల దాటింది.

పుష్ప కళ్యాణ్‌కు ఫోన్ చేసింది. "అన్నా, వచ్చే మెయిళ్లకు పెట్టిన పాస్‌వర్డు దీంట్లో ఉంటాది గదా? చూసుకోలేమా?"

"చుక్కలే కనపడతాయి చెల్లీ. కొత్తది పెట్టల్లంటే మెయిలు పెట్టిన రోజు మీరిచ్చిన ఫోనుకు ఓటీపీ వస్తాది. అది ఎవరి ఫోను?"

నాగవేణి ఫోను. అది బట్టలు ఉతికేటప్పుడు తొట్లో పడి చచ్చిపోయింది, ఆ నంబరు ఇప్పుడు ఇంకెవరికో పోయింది. ఫోన్ చేస్తే ఎవరో కన్నడంలో కసురుకొని పెట్టేసినాడు. బెంగళూరు కంపెనీకి చేస్తే ఆడున్న ఆయన మర్యాదగానే మాట్లాడినాడు. "నాకు నమ్మకమేనమ్మా. కానీ మీ మెయిల్ నుంచే రావాలి. అయిదు దాటితే నా చేతిలో ఉండదు."

ఆడోళ్లందరూ కంప్యూటరు చుట్టూ చేరినారు. "మల్లేశ్వరుడు అని పెట్టింటాది, భక్తి ఎక్కువ" అంటే కొట్టింది పుష్ప. కాదనింది. ఆమెకు పెట్టింది దేవత పేరే గదా, అదే అయ్యింటాది అంటే అదీ కొట్టింది. మేకపిల్ల పేరు గంగ, కాదు. అశ్విని, కాదు. కొడుకు పేరు మిగిలింది. అది తన మొగుని పేరు కాబట్టి పుష్ప కొంచెం జంకి, నోటితో అనడం లేదు గదా అని కండ్లు మూసుకొని కొట్టింది. అదీ కాదు. కిటికీలో ఎర్రగా ఒక వాక్యం వచ్చింది. ఇంకొక్కసారి తప్పు కొడితే రేపటి దాకా తెరవదంట.

ఎవరూ కీబోర్డు ముట్టుకోలేదు ఇంక. ఏం చెయ్యల్లో తెలీక, ఉచ్చీరమ్మ నిలబడే చోట్లన్నీ తిరిగినారు. ఒకరు పొయ్యి దగ్గర, ఒకరు మేకల కొట్టం దగ్గర, చెవి ఒగ్గి నిలబడినారు. ఏదన్నా మాట మిగిలిందేమో అని. మారెమ్మ గోడకు ఆనుకొని, "ఒసే, ఒక్క తిట్టన్నా రానీవే, ఒక్కటి" అని బోరుమని ఏడ్చింది. గోడ పక్క నుంచి ఏమీ రాలేదు.

ఎండ దిగేటప్పుడు టెంపో వచ్చి ట్యాంకు కాడ ఆగింది. కాశప్ప హారను కొట్టినాడు. ఊరు ఊరంతా మూటలు మోసుకొని వచ్చింది. విజయ్ పైకెక్కి మూటలు అందుకొని తాడు బిగిస్తున్నాడు. పుష్ప రూములోంచి వచ్చింది, మొహం కడుక్కున్నా ఏడ్చిన గుర్తులు పోలేదు. అశ్విని బడి బ్యాగు తగిలించుకొని నిలబడింది. "అది ఎందుకే, ఆడ బడి ఉండదు" అంటే, "తెలుసు" అనింది గానీ తీయలేదు. పుష్ప పిల్లను పైకెక్కించి, తనూ మెట్టు మీద కాలు పెట్టింది.

అప్పుడు ట్యాంకు కింద నుంచి ఒక గొంతు లేచింది.

"అయ్యన్నా!"

పడుచు గొంతు. ఎవరిదో ఎవరూ పోల్చుకోలేకపోయినారు. ఆ పేరు ఊర్లో ఎవరూ పిలిచి ఎన్నేండ్లయిందో.

"అయ్యన్నా, పోవద్దు! నిన్నే. సంకన పిల్లోడుండాడు, నాకు భయమైతాంది. గంజి తాగైనా ఈడనే బతుకుదాము. దిగు అయ్యన్నా. దిగు!"

కాశప్ప ఇంజను ఆపేసినాడు. ఎవరూ చెప్పలేదు, ఉచ్చీరమ్మ మాట వచ్చేటప్పుడు చప్పుడు చెయ్యకూడదని ఊర్లో అందరికీ తెలుసు. మాట అయిపోయింది. కొళాయి కింద బిందె నిండి పొర్లుతుంటే కట్టేసేవాళ్లు లేరు.

"వచ్చింది మే" అనింది మారెమ్మ. "ఆ లారీ నాటి మాట. ఇన్నాళ్లకు వచ్చింది."

"మొగుని పేరు పెట్టి పిలిచిందే!" అని రంగమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఆ నోటితో..."

పుష్ప కాలు మెట్టు మీదనే ఉండిపోయింది. ఎవరూ అనుకోని మాట పెట్టుకో అని చెప్పింది తనే. అత్త కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. పిండిలో రెండు అచ్చరాలు దిద్దిస్తుంటే, వీటిని వెంటవెంటనే రెండేసిసార్లు కొట్టొచ్చునా అని సైగ చేసి అడిగింది. ఇంట్లో ఉన్న పేర్లన్నీ కొట్టి చూసినారు గానీ, ఆ ఒక్క పేరు ఎవరికీ తట్టలేదు. నోటితో అనగూడని పేరును ఒక ఆడది దాచిపెట్టుకుంటాదని ఆడోళ్లకే తట్టలేదు.

"రంగమ్మక్కా, రా!" అని పుష్ప ఒక్క దూకు దూకి రూములోకి పరిగెత్తింది. అంత లావు మనిషి రంగమ్మ కూడా వెనకాలే పరిగెత్తింది.

కిటికీ అట్లే తెరిచి ఉంది. రంగమ్మ తన ముక్క కొట్టి, రొప్పుతా గోడ పక్కకు తిరిగి నిలబడింది. నియమం నియమమే. పుష్ప తన ముక్క కొట్టింది. మూడో ముక్క కొట్టేటప్పుడు, "తప్పయితే మన్నించత్తా" అనుకుంటా, మామ పేరు ఒక్కొక్క అచ్చరమే, అత్త కొట్టినట్టే ఒక్క వేలితో కొట్టింది. ఆ రెండు అచ్చరాలూ రెండేసిసార్లు. ఎంటర్ నొక్కింది.

కిటికీ మూసుకుంది. అవుట్‌బాక్సులో ఉన్న మెయిలు ఒక క్షణం అట్లే ఉండి, మాయమైపోయింది. పంపినవాటిలో చూస్తే ఆడ ఉంది. గోడ మీది గడియారం అయిదుకు ఇంకా ఒక పిసరు ఈ పక్కనే ఉంది.

"పోయిందా?" అని రంగమ్మ గోడను అడిగింది.

"పోయిందక్కా."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని నవ్వినారు, ఏడ్చినారు, ఏది ముందో ఏది వెనకో తెలీదు. అంతలో టింగుమనింది. బెంగళూరు నుంచి జవాబు. మీ అంగీకారం అందింది, సోమవారం నుంచి పంపండి, అని. పైన, ప్రియమైన రంగమ్మ పుష్ప నాగవేణి మారెమ్మ హేమ ఉచ్చీరమ్మ గార్లకు, అని అందరి పేర్లూ రాసినాడు పాపం ఆయన, ఒక్కటీ వదలకుండా. పుష్ప చివరి పేరును వేలితో ఒకసారి తడిమింది.

బయటికొచ్చి చూస్తే, టెంపో మీద నుంచి వాళ్ల మూట అప్పటికే కిందికి దిగింది. రూములో నవ్వులు విన్న సంఘం ఆడోళ్ల మూటలన్నీ దిగుతాండాయి. కాశప్ప నెత్తిన చెయ్యి పెట్టుకొని, "ఏందప్పా ఇది, అందరూ దిగుతారు?" అంటుండాడు, కానీ మూటలు దించడానికి ఆయనా ఒక చెయ్యి వేసినాడు. అశ్విని బ్యాగు తగిలించుకొనే మారెమ్మ చెయ్యి పట్టుకొని ఇంటి దోవ పట్టింది.

విజయ్ దేని కోసమూ ఆగలేదంట. పుష్ప ఎందుకు పరిగెత్తిందో, మెయిలు పోతాదో లేదో అప్పటికి ఆయనకు తెలీదు. గొంతు ఆగీ ఆగకముందే తాడు వదిలేసి, పైనుంచి దూకినాడని చూసినోళ్లు చెప్పినారు. ఆరోజు ఆమె సంకలో ఉండిన పిల్లోడు ఆయనే. ఇప్పుడు ఆయనకు వాళ్ల నాయన వయసు.

ట్యాంకు కింద, గొంతు లేచిన చోటనే నిలబడి ఉన్నాడు విజయ్. పుష్ప దగ్గరికి పోయి, చెయ్యి మీద చెయ్యి వేసి, "మనం ఉంటాండాము, పోవడం లేదు" అనింది. ఆయన తల ఊపినాడు. తర్వాత గొంతు సవరించుకొని, చాలా దూరంలో ఉన్న మనిషికి చెప్పినట్టు గట్టిగా అన్నాడు.

"దిగినానమ్మా!"

కొళాయి కాడ ఆడోళ్లు బిందెలు దించుకొని, జవాబు వస్తాదేమో అని చెవి ఒగ్గినారు. తర్వాత ఎవరో పోయి నీళ్లు కట్టేసినారు.